నిమ్మకాయ కత్తి అమ్మినోడు మా క్లబ్బులో ఉండొచ్చునా?

బత్తాయితోట (నల్గొండ):
పోయిన నెల దేవరకొండ అవతల మా పెద్దమ్మ వాళ్ల ఊరికి పోయిన. కోడలికి కడుపు నిలుస్తలేదని ఒకాయన్ని ఇంటికి పిలిపించిన్రు. వాకిట్ల ముగ్గేసి నిమ్మకాయ కోస్తే ఎర్రగ కారింది. "చేతబడి. ఉత్తరం దిక్కు ఇంట్ల ఉన్న ఆడమనిషి చేసింది" అన్నడు. ఉత్తరం దిక్కున ఉన్నది ఒక్కటే ఇల్లు. అండ్ల మొగుడు పోయిన ముసలామె ఒక్కతే ఉంటది. పెద్దమ్మ అయిదు వేలు, ఒక మేకపిల్ల ఇచ్చి పంపింది.

నేను కత్తినే చూస్తున్న. పిడికి పచ్చదారం చుట్టి ఉన్నది. అట్ల చుట్టేటోడు మా మెజీషియన్ల క్లబ్బుల ఒక్కడే. ఫోన్ చేస్తే దాచలేదు: "మూడు వేలకు అమ్మిన. కొన్నోడు ఏం చేసుకుంటడో నాకెందుకు?" అన్నడు.

ఇప్పుడు క్లబ్బుల సగం మంది అతన్ని తీసెయ్యాలంటున్నరు, సగం మంది వద్దంటున్నరు. నేను తీసెయ్యాలనేటోన్ని. చేతబడి, బాణామతి అనుమానంతోని మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మనం పేపర్ల చదివినవే. ఆ ముసలామె ఇంటి ముందట ఇప్పుడు ఎవ్వరూ ఆగుతలేరు. మీరేమంటరు?

పాత మెజీషియన్ (కల్వకుర్తి):
తమ్మీ, స్కూళ్లల్ల, పుట్టినరోజు ఫంక్షన్లల్ల షోలు చెయ్యవట్టి నాకు ముప్పై ఏండ్లు. కత్తితోని ఎవడో పొడిస్తే కమ్మరిని జైల్ల వేస్తరా? క్లబ్బు ఎందుకున్నది? విద్య నేర్చుకోనీకి, ఒకరి ఐటెం ఇంకొకరు ఎత్తుకపోకుంట చూసుకోనీకి. లండన్‌ల మ్యాజిక్ సర్కిల్ 1905 నుంచి నడుస్తున్నది. అక్కడ కూడా మొదటి కట్టుబాటు రహస్యం కాపాడుడే. అమ్మినోన్ని పట్టుకున్నరంటే రేపు విభూతి, ఎల్లుండి నా టోపీల పావురం, అన్నిటి గుట్టు విప్పాలంటరు. 1997ల అమెరికా టీవీల ముసుగేసుకున్న ఒకాయన పెద్ద ఐటెంల గుట్టంత బయటపెట్టిండు. "అంకుల్, ఇది నాకు తెలుసు" అని పిల్లగాడు నడుమల అరిస్తే స్టేజీ మీద నిలబడ్డోని కడుపు ఎట్ల కాలుతదో మీకు తెల్వదు. నాకు అన్నం పెట్టిందే ఈ విద్య.

కెమిస్ట్రీ టీచర్ (వనపర్తి):
అన్నా, కమ్మరి పోలిక ఇక్కడ కుదరదు. కమ్మరి దగ్గర కొన్న కత్తి అందరికీ కత్తిలాగే కనిపిస్తుంది. ఈ కత్తి ముందు కూర్చున్న తల్లికి మాత్రం అది దేవుడు చెప్పిన సాక్ష్యం.

అందులో పెద్ద విద్య కూడా ఏం లేదు. కత్తికి మిథైల్ ఆరెంజ్ పూసి ఆరబెడతారు, నిమ్మరసంలో ఆమ్లం తగిలి ఎర్రబడుతుంది. మా ల్యాబులో ఉండే సీసానే. పదో తరగతిలో ఆమ్లాలు, క్షారాల పాఠం చెప్పేరోజు నేను పసుపు, సున్నం కలిపిన దిష్టినీళ్లు తీసుకెళ్తాను. పిల్లలు ఇంట్లో రోజూ చూసేవే. అందులో నిమ్మకాయ పిండితే ఎరుపు పోయి మళ్లీ పసుపు తేలుతుంది. ముందు వరుసలో ఒక అమ్మాయి "టీచర్, మా అమ్మకు చూపిస్తా" అని గ్లాసు అడిగి తీసుకుంది.

కేరళకు చెందిన బసవ ప్రేమానంద్ 2009లో చనిపోయేదాకా చేసిన పని ఇదే. బాబాలు చేసేవన్నీ తానూ చేసి, ఎట్లా చేశాడో చెప్పేవాడు. ఆయనకూ మ్యాజిక్ వచ్చు. మన దగ్గర జన విజ్ఞాన వేదిక వాళ్లూ ఊళ్లలో చేసి చూపిస్తారు. దాంతో మ్యాజిక్ చచ్చిపోలేదు కదా.

పాత మెజీషియన్ (కల్వకుర్తి):
మేడం, మీరు అందరి ముందర రాసేసిన్రు. అది నాకు నచ్చలే. క్లాసుల చెప్పుడు వేరు, ఇట్ల రాసుడు వేరు.

జడ్చర్ల పోరడు:
క్లబ్బుల పంచాయితీ ఎందుకన్నా, పోలీసులకు చెప్పుర్రి. తాయెత్తులు, మంత్రాలతోని రోగం నయం చేస్తమని ప్రకటనలు ఇచ్చుడు 1954 చట్టం కిందనే నేరం. మహారాష్ట్రల 2013ల, కర్ణాటకల 2017ల ఇట్లాంటి మోసాల మీద ప్రత్యేకంగ చట్టాలు చేసిన్రు. మన దగ్గర కూడా అట్లాంటిది గట్టిది రావాలె.

బత్తాయితోట (నల్గొండ):
తమ్మీ, పెద్దమ్మ కేసు పెట్టదు. అయిదు వేలు పోయిన దానికంటే ఊర్ల నవ్వుతరనే భయం ఎక్కువ ఆమెకు. అయినా ఆయన ప్రకటన ఎక్కడిచ్చిండు? నోటి మాట మీద వచ్చిండు, నోటి మాట మీద పోయిండు.

పెద్దన్నా, మీ పావురం జోలికి ఎవ్వరూ రారు. మీరు స్టేజీ ఎక్కంగనే జనానికి తెలుసు, ఇది కనికట్టు అని. తెలిసే చప్పట్లు కొడతరు. ఆ ఒప్పందం ఉన్నంతసేపు రహస్యం మీదే, నేనూ నోరు విప్ప. వాకిట్ల కూసున్న మా పెద్దమ్మతోని ఆ ఒప్పందం ఎవడు చేసుకున్నడు? సామాను అమ్మేముందు "దేనికి" అని ఒక్కమాట అడుగుడు క్లబ్బుకు బరువైతదా? మావోడు అడగలేదు సరే. సంగతి తెల్సినంక కూడా "నాకెందుకు" అన్నడు. నేను తీసెయ్యమనేది ఆ మాటకు.

ఈ ఆదివారం ఊరికి పోతున్న. వాకిట్ల అదే జాగల కూసొని, ఆ ముసలామెను గూడ పిలిచి కోసి చూపిస్త. మేడం, ఆ సీసా కొంచెం దొరుకుతదా?

కెమిస్ట్రీ టీచర్ (వనపర్తి):
తప్పకుండా పంపిస్తాను. తక్కువ పూసి బాగా ఆరనివ్వండి. కోసిన కాయలు ఎవరినీ నోట్లో పెట్టుకోనివ్వద్దు.

పాత మెజీషియన్ (కల్వకుర్తి):
తీసేసుడు మీద నా మాట నాదే. ఒకసారి పిలిచి గట్టిగ చెప్పాలె, వినకుంటే అప్పుడు చూడాలె. కానీ ఆదివారం బండి మీద నేనూ వస్త. నీకు చేతులు వణుకుతయి, నిమ్మకాయ నేను కోస్త. గుట్టు మాత్రం నువ్వే చెప్పు, నా నోటి నుంచి రాదు.