అప్‌డేట్: ప్లైవుడ్ పడవా, పలకల పడవా?
కోరింగ దగ్గర కాలువలో తిప్పుకోవడానికి పాత ప్లైవుడ్ పడవ కొనాలా, పలకలు కూర్చిన టేకు పడవ కొనాలా అని మార్చిలో అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. పడవలు కట్టే మేస్త్రికి ముందుగా చూపించమన్న సలహాయే నన్ను కాపాడింది. ప్లైవుడ్ పడవ వెనుక చెక్కలో, స్క్రూ రంధ్రం పక్కన ఆయన ఉలి మొన ఆనించగానే అది తడిసిన అట్టలోకి దిగినట్టు దిగిపోయి, విడిపోయిన పొరల మధ్య నుంచి నల్లటి నీరు కారింది. ఐ.ఎస్. 710 ముద్ర (నీటిలో వాడే మెరైన్ ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం) ఉన్న ప్లైవుడ్‌కైనా కోసిన అంచులను ఎపాక్సీతో (నీరు చొరనివ్వని గట్టి జిగురుపూతతో) మూయకపోతే ఇదే జరుగుతుందట. టేకు పడవలోకి నీరు రావడం చూసి నేను భయపడ్డాను గానీ, అది నెలల తరబడి ఒడ్డున ఎండినందువల్లనే. రెండు రోజులు నీటిలో ఉంచాక పలకలు ఉబ్బి అతుకులు మూసుకున్నాయి. జవాబుల్లో పడవ వయసు, రంగు గురించి జరిగిన చర్చ అక్కరకు రాలేదు. ఏడాదంతా నీటిలోనే ఉంటుంది కనుక టేకుదే కొన్నాను. వాడాక ఒడ్డుకు చేర్చేవారికి మాత్రం మంచి ప్లైవుడే నయం.