విశాఖ కాన్వెంట్ జంక్షన్ లారీల క్యూ: స్మార్ట్ సిగ్నళ్లు పెడితే తీరుతుందా?

సిగ్నల్ పిచ్చోడు (శనివారం, రాత్రి 9:40)
మా అత్తగారినీ మావగారినీ అండమాన్ ఓడ ఎక్కించడానికి మొన్న గాజువాక నుంచి బయల్దేరాం. పోర్టు ఇంకా రెండు కిలోమీటర్లుందనగా బండి నలభై నిమిషాలు ఆగిపోయింది. ముందు లారీ, వెనక లారీ, పక్కన లారీ. మావగారు పెట్టె నెత్తిన పెట్టుకుని నడుస్తానన్నారు. ఓడ అందింది గానీ ఆయన బీపీ మాత్రం ఇంకా దిగలేదు.

పోర్టు గేటు దగ్గర ఎన్ని బండ్లున్నాయో హైవే మీద శీలానగర్లో ఉన్న డ్రైవర్‌కి తెలీదు. అందుకే అందరూ ఒకేసారి వచ్చి పడతారు. విదేశాల్లో ఫెర్రీ పోర్టుల దగ్గర చేస్తున్నట్టు మనమూ చెయ్యొచ్చు కదా? సినిమా టికెట్‌లా లారీకి స్లాటు ఇవ్వాలి. ఫాస్టాగ్ 2021 నుంచి ఎలాగూ తప్పనిసరి. దాన్ని చదివే రీడరు దారిలోనే పెడితే స్లాటున్న బండి ముందుకెళ్తుంది, లేనిది పార్కింగ్ యార్డుకి పోతుంది. యార్డులోంచి ఎన్నిటిని వదలాలో గేటు దగ్గరి ఖాళీని బట్టి సిగ్నలే చూసుకుంటుంది. ఇందులో రాకెట్ సైన్సేమీ లేదు.

వన్‌టౌన్ వాసి (రాత్రి 9:58)
మీరు ఒక్కరోజు ఇరుక్కున్నారు బాబూ. నేను పుట్టిందే ఇక్కడ. ముందు ఆ బొగ్గు లారీల మీద టార్పాలిన్ సరిగ్గా కప్పమనండి. దండెం మీద తెల్లచొక్కా ఆరేసి ఎన్నేళ్లయిందో మా ఇంట్లో.

రిటైర్డ్ మేష్టారు (రాత్రి 10:15)
ప్రశ్నలోనే పొరపాటుంది. విశాఖలో ఫెర్రీ పోర్టు ఎక్కడుంది? ఫెర్రీ అంటే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి రోజూ తిరిగేది. ఫోర్ట్ కొచ్చి నుంచి వైపిన్‌కి వాహనాలను దాటించే రో-రో ఉంది, అది ఫెర్రీ. గుజరాత్‌లో ఘోఘా నుంచి హజీరాకి 2020 నవంబరులో మొదలైంది, రోడ్డున 370 కిలోమీటర్లయ్యే దూరం సముద్రం మీద 90కి తగ్గింది, అది ఫెర్రీ. మనది 1933లో తెరిచిన సరుకుల ఓడరేవు. అండమాన్ ఓడ ఎప్పుడో ఒకసారి కదులుతుంది. పోలికే తప్పు.

సిగ్నల్ పిచ్చోడు (రాత్రి 10:21)
మేష్టారూ, ఫెర్రీ అనండి, ఓడ అనండి, పుట్టి అనండి. బయట క్యూ కట్టేది లారీలే కదండీ.

జాలరిపేట (రాత్రి 10:30)
హార్బర్‌కి తెల్లారగట్ల వచ్చే ఐసు బండ్లకీ స్లాటేనా? చేపకి చెప్పండి, స్లాటు టైముకే వల్లో పడమని.

కెంట్‌లో కొత్తవలస (ఆదివారం, తెల్లవారుజాము 2:05)
ఇక్కడ మాకు రాత్రి తొమ్మిదిన్నర. ఇంగ్లండులో డోవర్ రేవుకి గంట దూరంలో ఉంటాను, చూసింది చెప్తాను.

డోవర్ కొండ కింద ఇరుకు రేవు, ఫ్రాన్సుకి ఫెర్రీలు కదిలేది అక్కణ్నుంచే. లోపల జాగా నిండితే లారీలు ఊళ్లోకి పొంగుతాయి. 2015లో ఏ20 రోడ్డు మీద ఒక పద్ధతి పెట్టారు. ఊరికి ముందే లారీలన్నీ ఎడమ లైన్లో ఆగాలి, పోర్టులో చోటు ఖాళీ అయ్యేకొద్దీ సిగ్నలు చూపి కొన్ని కొన్నిగా వదులుతారు. లైను తప్పి ముందుకొచ్చిన బండిని వెనక్కి పంపిస్తారు. కార్లు కుడి లైన్లో వెళ్లిపోతాయి. ఊరివాళ్లకి ఊపిరాడుతుంది, అది నిజం.

కానీ 2022 జులైలో సెలవుల రద్దీకి ఇదేదీ పనికిరాలేదు. ఫ్రాన్స్ పాస్‌పోర్టు తనిఖీ డోవర్లోనే జరుగుతుంది. ఆ కౌంటర్లలో చాలినంత మంది లేరని పోర్టువాళ్లన్నారు. రెండు దేశాల మధ్య సముద్రం కింద ఉన్న సొరంగంలో ఏదో లోపం వచ్చి తమవాళ్లు ఆలస్యమయ్యారని ఫ్రెంచివాళ్లన్నారు. సిగ్నలు ఎంత తెలివైనదైనా కుర్చీలో కూర్చుని ముద్ర వెయ్యలేదుగా.

సిగ్నల్ పిచ్చోడు (ఉదయం 7:12)
చూశారా! సిగ్నలు పనిచేసిందనేగా ఆయన చెప్పింది.

వన్‌టౌన్ వాసి (ఉదయం 7:20)
చెయ్యలేదని కూడా చెప్పారు. ఆఖరి పేరా కూడా చదవండి. మార్గశిర గురువారం కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి జనం వచ్చినప్పుడు బురుజుపేట చూశారా ఎప్పుడైనా? ఆ జనానికీ రీడరు పెడతారా?

రిటైర్డ్ మేష్టారు (ఉదయం 7:45)
డోవర్ మాత్రం నిజమైన ఫెర్రీ పోర్టు. నా మాట నిలబడింది.

పది చక్రాలు (ఉదయం 8:03)
అందరూ సెప్పేరు, మరి నానూ సెప్తాను. లోడుతో లైన్లోనే ఉన్నాను ఇప్పుడు. రాత్రి పదకొండుకి ఎట్టేను బండి. పళ్లు తోముకోడానికి నీళ్లు లేవు. మీ స్లాటు బాగానే ఉంటాది. నాకు పొద్దున్న ఆరుకి స్లాటు ఇచ్చేరనుకోండి. ఏజెంటు కాయితం తొమ్మిదికి ఇస్తాడు. స్లాటు పోయిందంటే ఎవుడిది తప్పు? మెషీనుకి కాయితం సంగతి తెల్దు, నా బండి నంబరే తెలుసు. ఫైను నాకే.

సిగ్నల్ పిచ్చోడు (ఉదయం 8:11)
అన్నా, కాయితం కూడా ఆన్‌లైన్ చేస్తారు. దానికోసం మొత్తం పద్ధతే వద్దంటే ఎలా? నిజం చెప్పాలంటే మీ డ్రైవర్లు లైను తప్పి మధ్యలో దూరబట్టే సగం జామ్.

పది చక్రాలు (ఉదయం 8:14)
నానెందుకు దూరతానో ఎప్పుడైనా అడిగేవా? మాకు డబ్బులు ట్రిప్పుకి. గంటకి కాదు. ఈ రాత్రంతా కూసున్నదానికి పైసా రాదు. లోపల క్రేను ఆగిపోయినా, సర్వరు పడిపోయినా, సారు టిఫినుకి ఎల్లినా ఆ టైము నాదే. నువ్వు ఒక్కరోజు నలభై నిమిషాలు ఆగేవని ఇంత కత రాసేవు. నా పెళ్లాం పురిటికి నాను ఏదో గేటు ముందర లైన్లోనే ఉన్నాను తమ్ముడూ.

వన్‌టౌన్ వాసి (ఉదయం 8:30)
మీ కష్టం కాదనను. కానీ ఆ కష్టం మా వీధి చివర ఎందుకు నిలబడాలి? యార్డు కట్టండి, శీలానగర్లో ఆపండి, ఆటోనగర్లో ఆపండి, నాకనవసరం. మా దగ్గర ఆపకండి.

శీలానగర్ చెల్లి (ఉదయం 8:41)
ఓహో! పోర్టు రోడ్డు హైవేలో కలిసేది మా దగ్గరే కదా అని అన్నీ మా వాకిట్లోకి తోసేద్దామనా? చదువుతూ ఊరుకున్నాను. ఇక ఊరుకోను. మీకు దుమ్ము పడకూడదు, మాకు పడొచ్చా? స్మార్ట్ అంటే క్యూని మీ కంటికి కనబడకుండా మా ఇంటి ముందు పెట్టడమా?

సిగ్నల్ పిచ్చోడు (ఉదయం 8:50)
అబ్బ, అది కాదండీ నేను చెప్పేది. స్లాటు ఉంటే లారీ ఇంటి దగ్గరే, లోడింగ్ చోటే ఆగుతుంది. అసలు క్యూయే ఉండదు.

పది చక్రాలు (ఉదయం 8:52)
లోడు అయ్యాక పార్టీవోడు బండిని గంటసేపు ఉండనివ్వడు. "తియ్యి, ఎనక బండి ఉంది" అంటాడు. యాడికి పోవాలి?

కెంట్‌లో కొత్తవలస (ఉదయం 9:20)
నిద్ర పట్టక మళ్లీ వచ్చాను. పది చక్రాలు అన్న చెప్పిందే అసలు సంగతి అనిపిస్తోంది. కెనడాలో వాంకూవర్ పోర్టులో లారీవాళ్లు 2014లో ఇదే గొడవ మీద సమ్మె చేశారు. గేటు దగ్గర ఆలస్యం హద్దు మీరితే లారీకి వెయిటింగ్ డబ్బులివ్వాలన్న పద్ధతి దాని తర్వాతే. ఆలస్యానికి ఖర్చు పడితేనే లోపలివాళ్లు గడియారం చూస్తారు. లాస్ ఏంజెలెస్‌లో 2005లో ఇంకో దారి పట్టారు. పగలొచ్చే కంటైనర్లకి రుసుము పెట్టి, ఆ డబ్బుతో రాత్రి గేట్లు నడిపారు. అది సరుకు యజమాని మీద పడే రుసుము, డ్రైవరు మీద కాదు.

సిగ్నల్ పిచ్చోడు (ఉదయం 9:34)
ఇది నాకు తట్టలేదు. స్లాటు తప్పితే లారీకి ఫైను, గేటు తప్పితే గేటుకి ఫైను. రెండు వైపులా టైము పడేది ఒకే రీడరులో. ఇలాగైతే ఒప్పుకుంటావా అన్నా?

పది చక్రాలు (ఉదయం 9:37)
గేటు నుంచి డబ్బులొస్తాయంటే నమ్మమంటావా? వొస్తే లైను తప్పను, ఒట్టు. రానంతకాలం దూరతాను.

వన్‌టౌన్ వాసి (ఉదయం 9:50)
మరి రాత్రి గేట్లంటే రాత్రంతా హారన్లు. ఆ రుసుములో మా నిద్రకి వాటా ఎంత?

శీలానగర్ చెల్లి (ఉదయం 9:52)
మీరు కిటికీ మూసుకోండి. మేం ఎప్పట్నుంచో మూసుకునే ఉన్నాం.

రిటైర్డ్ మేష్టారు (ఉదయం 10:05)
2023లో క్రూయిజ్ టెర్మినల్ కూడా తెరిచారు. క్రూయిజ్ కూడా ఫెర్రీ కాదు. ఎవరైనా అనకముందే చెప్తున్నాను.

జాలరిపేట (ఉదయం 10:10)
మేష్టారూ, మీరు ఓసారి మా తెప్పెక్కండి. ఫెర్రీయో కాదో మీరే తేలుద్దురు గాని.

సిగ్నల్ పిచ్చోడు (ఉదయం 10:26)
వచ్చే నెల అత్తగారూ వాళ్లూ తిరిగొస్తారు. ఓడ ఎప్పుడు చేరుతుందో సముద్రం ఇష్టం. ఈసారి కాన్వెంట్ జంక్షన్ మీదుగా రావాలా, పూర్ణా మార్కెట్ వైపు నుంచి రావాలా? ఎవరైనా చెప్పండి.

పది చక్రాలు (ఉదయం 10:31)
పూర్ణా మార్కెట్ అటేపు ఎల్లు. ఇటేపు నానుంటాను.