సన్‌రూఫ్ రబ్బరు పగుళ్లు: మృగశిర లోపల ఏం చేయాలె?

హన్మకొండ_బండి
అందరికీ నమస్తే. కారు తీసుకొని ఐదో ఏడు నడుస్తుంది. సుబేదారిల ఇల్లు, షెడ్డు లేదు, పొద్దంత ఎండలనే ఉంటది. మొన్న కడుగుతుంటే చూసిన, సన్‌రూఫ్ అద్దం చుట్టూ ఉన్న రబ్బరుకు ముందు మూలలల్ల సన్నటి గీతలు పడ్డయ్. గోరుతోని నొక్కితే గీత నోరు తెరుస్తుంది. వేలు రాస్తే మసి అంటుతుంది. మూడు సంగతులు అడుగుదామని. ఏం రాస్తే ఆగుతది? రబ్బరు ఒక్కటే దొరుకుతదా, అద్దంతోని సహా కొనాల్నా? కవరు కప్పితే నిజంగ లాభమా? రోహిణి కార్తెల రోళ్లే పగులుతయ్ అంటరు, రబ్బరెంత. కాని మృగశిర వానలు మొదలైతే నీళ్లు లోపలికొస్తయని భయం.

ములుగు_రోడ్
రబ్బరు సంగతి తర్వాత అన్నా, ముందు సన్‌రూఫ్ నీళ్లు పోయే గొట్టాలు చూసుకో. 2023 జులై ఆఖరి వాన నేను మర్చిపోను. మా దిక్కు లక్ష్మీదేవిపేటల ఒక్క దినంలనే 649.8 మిల్లీమీటర్లు పడ్డది. నా కారు వరదల లేదు, మిట్ట మీద ఇంటి ముందే ఉంది. అయినా పొద్దున డోరు తీస్తే కాళ్ల కింద కార్పెట్ పిండితే నీళ్లు కారేటట్టు ఉంది. అందరు రబ్బరు పోయిందన్నరు. మార్పిచ్చిన. మళ్ల కారింది. ఆఖరికి చూస్తే ముందు గొట్టం నోట్లె వేపాకు ఈనెలు, దుమ్ము కలిసి ముద్ద గట్టినయ్.

సన్‌రూఫ్ రబ్బరు నీళ్లను మొత్తానికి ఆపేటందుకు చేసింది కాదు. దాన్ని దాటిన నీళ్లు చుట్టూ ఉన్న కాలువలకు దిగి, మూలల గొట్టాలల్లకెళ్లి బండి కిందికి పోవాలె. గొట్టం మూసుకపోతే కొత్త రబ్బరు వేసినా సీలింగ్ బట్ట తడుస్తది. నా బండిల ఆ పసుపు మరక ఇప్పటికీ పోలే.

నైంనగర్_అక్క
గొట్టం మూసుకుందని గాలి మాత్రం కొట్టియ్యకుండ్రి. వాటర్ సర్వీసింగ్ కాడి పిల్లగాడు కంప్రెసర్ పెట్టి ఒక్కటే కొట్టుడు కొట్టిండు, లోపల గొట్టం దాని మూతి నుంచి ఊడిపోయింది. అప్పటిదాంక చుక్కలు కారేది, ఆ తర్వాత ధార కట్టింది. గొట్టం మళ్ల ఎక్కియ్యాలంటే సీలింగ్ మొత్తం దింపిన్రు, రెండు రోజుల పని. మెత్తటి నైలాన్ దారం, గడ్డి కోసే మిషన్‌కు వేసేది, నిదానంగ దింపితే చాలు.

పరకాల_టీచర్
మిత్రులారా, ఇంత హైరానా అవసరం లేదు. మా కారుకు ఎనిమిదేళ్లు. ప్రతి నెలా మొదటి ఆదివారం సన్‌రూఫ్ రబ్బరుకు, డోర్ల బీడింగ్‌కు (అంచు రబ్బరుకు) కొబ్బరినూనె రాస్తాను. ఒక్క పగులు లేదు. మన ఇళ్లలో ఉన్నదాన్ని వదిలి వందలు పెట్టి డబ్బాలు కొనడం ఎందుకు?

షెడ్డు_మనిషి
సార్, మీ బండి రాత్రింబవళ్లు గేటు లోపల, స్లాబు కింద ఉంటదేమో చెప్పండి. ఎండ తగలని రబ్బరు నూనె రాయకున్నా ఉంటది. నా దగ్గరికి వచ్చే, రబ్బరుకు నూనె రాసిన బండ్లల్ల ఒకటే కథ: నూనె మీద దుమ్ము కూర్చుంటది, ముద్ద అయితది, అద్దం జరిగినప్పుడల్లా ఆ ముద్ద రబ్బరును గీరుతది.

పరకాల_టీచర్
అవును, స్లాబు కిందే ఉంటుంది. అయినా ఎనిమిదేళ్ల నా అనుభవాన్ని ఒక్క మాటతో కొట్టిపారేయడం పద్ధతి కాదు. రాసి, పొడిబట్టతో తుడుస్తాను. ముద్ద ఎలా కడుతుంది?

గోదావరిఖని_బెల్ట్
రబ్బరు మీద నన్ను మాట్లాడనియ్యండ్రి. ముప్పై ఏండ్లు బొగ్గు మోసే బెల్టుల జాయింట్లకు వల్కనైజింగ్, అంటే రబ్బరును వేడితోని అతికిచ్చే పని, చేసిన. బెల్టు తెగితే అర్ధరాత్రి జీపు పంపి తీస్కపోయేటోళ్లు. రబ్బరును తినేటియి మూడు: ఎండ, గాలిల ఉండే ఓజోన్, నూనె. సాగి ఉన్న కాడ గీత పడుతది, సాగిన దిక్కుకు అడ్డంగ పడుతది. అందుకే మూలలల్ల ముందు పగిలింది, అక్కడ రబ్బరు వంగి ఉంటది. టీచర్ సార్, నూనె బంద్ చేయండ్రి. తమ్మీ, నువ్వు ఆ పగుళ్లను ఎమెరీ కాయితంతోని గీకి, ట్యూబు పంచర్లకు వాడే సొల్యూషన్ రాసి సన్న పట్టీ అతికియ్యి. నా చేతి మీద వేల జాయింట్లు నిలబడ్డయ్.

షెడ్డు_మనిషి
పెద్దాయనా, మీ పని మీద నాకు గౌరవం ఉంది. కాని బొగ్గు బెల్టు రబ్బరు వేరు, ఇది వేరు. బెల్టుల పై కవరు ఎక్కువ మటుకు సహజ రబ్బరు, ఎస్‌బీఆర్ అనే కృత్రిమ రబ్బరు. కార్ల బీడింగ్‌లు చాలామటుకు ఈపీడీఎం అనే ఇంకో రకం కృత్రిమ రబ్బరు. ఓజోన్ దీన్ని అంత తేలికగ తినలేదు, అందుకే బయట పెట్టే రబ్బరుకు దీన్ని ఎంచుకుంటరు. ఏండ్లకేండ్లు ఎండ, వేడి తగిలితే పై పొర చచ్చి పగులుతది. తమ్ముని వేలికి అంటిన మసి అదే, రబ్బరుల కలిపిన కార్బన్ నలుపు బయటికొస్తుంది. పంచర్ సొల్యూషన్ ఈపీడీఎంను పట్టదు.

గోదావరిఖని_బెల్ట్
నువ్వు పుట్టకముందు నుంచి నేను రబ్బరు వాసన పీల్చిన. పట్టదని కాయితాల చదివి చెప్తున్నవా, చేసి చూసినవా?

షెడ్డు_మనిషి
చేసి చూసే చెప్తున్న. మీరూ ఒక పాత డోరు బీడింగ్ ముక్క మీద అతికిచ్చి రేపు చెప్పండి.

జమ్మికుంట_పత్తి
మీరు కొట్లాడుకునేలోపు నా గోస వినండ్రి. నాకొకాయన 'సిలికాన్ పెట్టు, అయిపోతది' అన్నడు. హార్డ్‌వేర్ షాపుకు పోయి సిలికాన్ అడిగిన. గన్నుల పెట్టి పిండే ట్యూబు ఇచ్చిండు, కిటికీ అద్దాలకు వేసేది. పులుపు వాసన కొట్టింది. రబ్బరు చుట్టూ సక్కగ పూసి అద్దం మూసిన. తెల్లారి బటన్ నొక్కితే మోటరు మూలుగుడు, అద్దం కదల్లే. ఇంకోసారి నొక్కిన. లోపల టప్పున కేబుల్ తెగింది. పత్తి అమ్మిన పైసలల్ల ఇరవై రెండు వేలు దానికే పోయినయ్. రాసేది సిలికాన్ గ్రీసు, లేకుంటే స్ప్రే. అతికేది సిలికాన్ సీలెంట్. పేరు ఒకటే, పనులు పూర్తిగ ఎదురు. కొత్తోళ్లకు చెప్పేటప్పుడు దయచేసి గ్రీసు అని పూర్తిగ చెప్పండ్రి.

నైంనగర్_అక్క
అయ్యో అన్నా. ఇది అందరు చదవాల్సిన ముచ్చట.

కరీంనగర్_డ్యామ్
ఎవరూ అడగట్లేదు గాని, అసలు ఆ రబ్బరు ఎండకే పోయిందా? 2024 ఫిబ్రవరిల మేడారం జాతరకు పోయినప్పుడు ప్రతి రెండో కారుల పిల్లలు సన్‌రూఫ్ నుంచి నిలబడ్డరు. మా బండిల మా మేనల్లుడు కూడా. దిగేటప్పుడు అంచు మీద మోకాలు ఆనిచ్చిండు, రబ్బరు దాని గాడి నుంచి బయటికొచ్చింది. నొక్కి పెట్టిన గాని మునుపటి లెక్క కూర్చోలే. అక్కడి ఎర్ర దుమ్ము వేరే.

ములుగు_రోడ్
పిల్లగాన్ని కారు మీదికి లేపి, రబ్బరు పోయిందని రాస్తున్నవా? పస్రా తాడ్వాయి రోడ్డు మీద అడవి కొమ్మలు ఎంత కిందికి ఉంటయో తెల్వదా? బ్రేకు కొడితే పిల్లగాని ఛాతి ఆ ఇనుప అంచుకే తాకుతది. నాకు మస్తు కోపమొస్తుంది ఇసొంటియి చూస్తే.

కరీంనగర్_డ్యామ్
తప్పే అన్నా. ఒప్పుకుంటున్న. ఆ తర్వాత ఎవ్వరినీ నిలబడనియ్యలే.

మంచిర్యాల_వంతెన
మా దిక్కు ఎండ కంటే కోతులు పెద్ద బాధ. గుంపుల గుంపులు కారు మీదికి దుంకుతయ్, వైపర్ల రబ్బరు పీకుతయ్, సన్‌రూఫ్ బీడింగ్ కొస దొరికిందంటే మూరెడు లాగుతయ్. కవరు కప్పితే కవరే చింపినయ్. ఎవరికన్నా ఉపాయం తెలిస్తే చెప్పండ్రి.

పరకాల_టీచర్
కవరు విషయానికి నా మాట: బండి మీద దుమ్ము ఉండగా కప్పితే గాలికి ఊగి ఆ దుమ్మే గీరుతుంది. తుడిచి కప్పాలి. నూనె మీద నా అభిప్రాయం మారలేదు, కానీ ఎండలో నిలిపే బండికి నా అనుభవం సరిపోదని ఒప్పుకుంటున్నాను.

గోదావరిఖని_బెల్ట్
తెల్లారింది. రాత్రి పాత డోరు బీడింగ్ ముక్క గీకి, సొల్యూషన్ రెండు పూతలు రాసి, ఆరినంక పట్టీ వేసి, బరువు పెట్టిన. ఇప్పుడు గోరు పెడితే పట్టీ అరటితొక్క లెక్క వచ్చింది. కింద రబ్బరు నున్నగ ఉంది, ఒక్క నూగు గూడ లేవలే. నా సర్వీసుల ఇట్ల ఎప్పుడు చూడలే. షెడ్డు తమ్మీ, నీ మాటే నిజం. హన్మకొండ తమ్మీ, పట్టీ వేయకు.

షెడ్డు_మనిషి
పెద్దాయనా, చేసి చూసి చెప్పిన్రు, దండం.

హన్మకొండ తమ్ముడు, నీకు చేసే పద్ధతి చెప్త. అద్దం మూసేటప్పుడు పది రూపాయల నోటు రబ్బరు కింద పెట్టు. మూసినంక లాగు. బిగుతుగ వస్తే రబ్బరు ఇంకా నొక్కుతుంది. వదులుగ జారితే అక్కడ రబ్బరు చదునైపోయింది, ఏ గ్రీసూ దాన్ని లేపదు. చుట్టూ జానెడుకోసారి చూడు.

బిగుతుగ ఉన్నకాడ: షాంపూ చుక్క వేసిన నీళ్లతోని తుడువు, పూర్తిగ ఆరనియ్యి. బఠాణీ గింజంత సిలికాన్ గ్రీసు వేలితోని సన్నగ రుద్దు, కొంచెం సేపాగి మిగిలింది తుడిచేయి. వేలు పెడితే మెరుపు కనిపియ్యాలె, జిడ్డు అంటొద్దు. రబ్బరు మీద మఖమల్ లాంటి నూగు ఉంటే దానికి గ్రీసు పెట్టకు, దుమ్ము పట్టుకుంటది. అద్దం జరిగే పట్టాలకు వేసే గ్రీసు వేరే, దాన్ని ఇక్కడ రాయకు. పెట్రోలియం జెల్లీ, ఇంజిన్ ఆయిల్, తుప్పు వదిలిచ్చే స్ప్రే వద్దే వద్దు, ఈపీడీఎం ఉబ్బుతది. వాటర్ సర్వీసింగ్ కాడ టైర్ పాలిష్ అన్నిటికీ కొడుతరు, సన్‌రూఫ్‌కు వద్దని నిలబడి చెప్పు.

రబ్బరు ఒక్కటే దొరికేది బండిని బట్టి ఉంటది. కొన్నిటికి అద్దానికే అతికిచ్చి వస్తది. ఛాసిస్ నంబరు తీస్కపోయి పార్ట్స్ కౌంటర్‌ల అడుగు.

మంచిర్యాల_వంతెన
కోతుల సంగతి ఎవరూ చెప్పలే.

నైంనగర్_అక్క
మా వీధిల ఒకాయన కారు మీద పులి బొమ్మ పెట్టిండు. రెండు రోజులు భయపడ్డయ్, మూడో రోజు దాని తోక పట్టుకొని ఆడినయ్. నాకూ ఉపాయం కావాలె.

హన్మకొండ_బండి
నోటు పరీక్ష చేసిన. చుట్టూ బిగుతే, ముందు కుడి మూల దగ్గర జానెడు మేర నోటు ఊరికే జారింది. తర్వాత అద్దం తెరిచి ముందు రెండు మూలల కాలువలల్ల గ్లాసెడు గ్లాసెడు నీళ్లు నిదానంగ పోసిన. ఎడమ దిక్కు వెంటనే టైరు వెనుక కారినయ్. కుడి దిక్కు నిలబడ్డయ్, కదలలే. అక్క చెప్పిన నైలాన్ దారం దింపితే చింతాకు, మట్టి కలిసిన నల్లటి ముద్ద వచ్చింది, చిటికెన వేలంత. మా ఇంటి ముందు చింతచెట్టు ఉంది. మళ్ల పోస్తే నీళ్లు దిగినయ్.

పార్ట్స్ కౌంటర్‌ల రబ్బరు విడిగ వస్తదన్నరు, నాలుగు రోజుల్ల తెప్పిస్తరట. అప్పటిదాంక ఆ మూల మీద గోనెపట్ట మడిచి పెట్టి, పైన పాత బెడ్‌షీటు కట్టిన.