పేజ్‌మేకర్ లినక్స్‌లో తెరుచుకుంది, తెలుగు మాత్రం పడట్లేదు. సాయం చేయండి

ప్రశ్న (ఆండర్సన్ వీధి, చెన్నై)

అందరికీ నమస్కారం. ప్యారీస్ దగ్గర ఆండర్సన్ వీధిలో మాకు చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్లి కార్డులే ఎక్కువ. డిజైన్ మావారు చూసుకుంటారు, తెలుగు కంపోజింగ్ నాది. మా సిస్టమ్ పాతది, విండోస్ 11 ఎక్కదు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయిందని, తెలిసిన అబ్బాయి ఒకతను విండోస్‌కు బదులు లినక్స్ మింట్ వేసి వెళ్లాడు. నెట్, మెయిల్, ప్రింటర్ అన్నీ బాగానే ఉన్నాయి. మేం కార్డులు పేజీలుగా పేర్చుకునే విండోస్ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7 కూడా, బాటిల్స్ అనే దాంట్లో పెట్టిచ్చాడు, తెరుచుకుంటోంది.

చిక్కంతా తెలుగుతోనే. టైపింగ్ సాఫ్ట్‌వేర్ తెరవగానే చిన్న బాక్స్ ఒకటి కనబడి మూసుకుపోతోంది. పాత కార్డు తెరిస్తే పైన "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, మధ్యమధ్యలో కామాలు, డాలరు గుర్తులు వస్తున్నాయి. మాఘమాసం ముహూర్తాలకు 11 ఆర్డర్లు ఒప్పుకున్నాం. టెన్షన్‌తో రెండు రాత్రులుగా నిద్ర లేదు. విండోస్ సాఫ్ట్‌వేర్ లినక్స్‌లో నిజంగా నడుస్తుందా, నడవదా?

జవాబు (పెరంబూరు)

నడుస్తుందమ్మా, కంగారు పడకండి. మీరు చెప్పినవి రెండు వేర్వేరు సమస్యలు.

మొదటిది ఫాంట్లు. మన పాత డీటీపీ ఫాంట్లు యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉండే పద్ధతి) కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు బొమ్మలు పెట్టి చేసినవి. ఫైల్లో ఉన్నది ఇంగ్లీషు అక్షరమే, ఆ ఫాంటు ఉంటేనే అది "శ్రీ"గా కనబడుతుంది. అంటే మీ ఫైళ్లు పాడవలేదు. పాత సిస్టమ్ ఫాంట్స్ ఫోల్డర్ నుంచి మీ తెలుగు ఫాంట్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, పేజ్‌మేకర్ ఉన్న బాటిల్ (బాటిల్స్‌లో ఒక్కో అరను అలా అంటారు) లోపలి సి డ్రైవ్, విండోస్, ఫాంట్స్ ఫోల్డర్‌లో వేయండి. పేజ్‌మేకర్ మూసి మళ్లీ తెరవండి.

రెండోది టైపింగ్. దానికి యూఎస్‌బీలో పెట్టే లాక్, అంటే అది ఉంటేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకునే చిన్న తాళం లాంటిది, ఏమైనా ఉందా? అది చెప్తే గాని ముందుకు వెళ్లలేం.

జవాబు (అంబత్తూరు)

ఇంత దేనికండీ, ఏదైనా ఎమ్యులేటర్ వేసుకోండి. లాక్ ఉంటే లాక్ తీసేసిన కాపీలు దొరుకుతాయి, పని అయిపోతుంది.

జవాబు (పెరంబూరు)

దయచేసి అలాంటి కాపీల జోలికి వెళ్లకండి. వైరస్‌లు ఎక్కువగా వచ్చేది వాటితోనే. ఆ సిస్టమ్‌లో ఎన్నో కుటుంబాల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. పైగా మీరు డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ మీ దగ్గరే ఉంది.

ఎమ్యులేటర్ అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను అనుకరించేది. ఆ మాట దగ్గర చాలామంది పొరబడతారు. బాటిల్స్ లోపల పని చేసేది వైన్. 1993లో మొదలైన పని అది, 1.0 విడుదలయ్యేసరికి 2008 వచ్చింది. "వైన్ ఈజ్ నాట్ ఎన్ ఎమ్యులేటర్" అని దాని పేరులోనే చెప్పుకుంటారు. వెనకటికి చెన్నపట్నంలో దుబాసీలు ఉండేవాళ్లు కదా, ఇదీ అదే పని. "ఈ ఫైలు తెరువు", "ఇక్కడ గీత గీయి" అని పేజ్‌మేకర్ విండోస్ భాషలో అడుగుతుంది, వైన్ దాన్ని లినక్స్‌కు అర్థమయ్యే మాటలోకి మార్చి పని చేయించి పెడుతుంది. లోపల వేరే కంప్యూటర్ అంటూ ఏదీ ఉండదు. అందుకే పాత మెషీన్‌లో కూడా తేలిగ్గా నడుస్తుంది.

లాక్‌ను సిస్టమ్ గుర్తించేలా చేసే డ్రైవర్ అనే ప్రోగ్రామ్ సంగతి వేరు. అది బయట నిలబడి అడిగేది కాదు, సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లోకే వెళ్లి కూర్చుంటుంది. విండోస్ కోసం రాసిన లాక్ డ్రైవర్‌ను లినక్స్ కెర్నెల్ తీసుకోదు, అక్కడ దుబాసీ చేయగలిగింది లేదు. అందుకే లాక్ గురించి అడిగాను.

ప్రశ్న అడిగినవారు

సార్, ఫాంట్లు వేశాను. శ్రీరస్తు కనబడింది! చూడగానే కళ్లు చెమర్చాయి. లాక్ ఉందండి. నీలం రంగుది, చిటికెన వేలి కణుపంత ఉంటుంది. ఎనిమిదేళ్లుగా సీపీయూ వెనకే ఉంది, అది తాళమని కూడా మర్చిపోయాను.

జవాబు (పెరంబూరు)

అయితే వైన్‌తో ఇక కుస్తీ వద్దు. వర్చువల్‌బాక్స్ వేయండి, మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే దొరుకుతుంది. ఇది లినక్స్ లోపల నిజం విండోస్‌కే ఒక గది ఇచ్చినట్టు. డ్రైవర్ ఆ గదిలో తన సొంత కెర్నెల్‌లోనే కూర్చుంటుంది, లాక్‌ను మనం యూఎస్‌బీ ద్వారా లోపలికి అందిస్తాం. మీ దగ్గర పాత విండోస్ 7 సీడీ, దాని కీ ఉన్నాయా? ర్యామ్ ఎంత?

ప్రశ్న అడిగినవారు

పెట్టెతో కొన్న సీడీ ఉంది, కీ అట్ట మీదే ఉంది. 32 బిట్. ర్యామ్ 8 జీబీ.

జవాబు (పెరంబూరు)

సరిపోతుంది. విండోస్ 7కి 2 జీబీ ర్యామ్, 40 జీబీ డిస్క్ ఇవ్వండి. ముందు బయోస్‌లోకి (సిస్టమ్ ఆన్ చేయగానే తెరవగలిగే సెట్టింగ్స్‌లోకి) వెళ్లి వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. అది ఆఫ్‌లో ఉంటే గది తెరుచుకోదు. తర్వాత గెస్ట్ అడిషన్స్ (గదికీ బయటి లినక్స్‌కీ లంకె వేసే వర్చువల్‌బాక్స్ సాఫ్ట్‌వేర్) వేసి షేర్డ్ ఫోల్డర్ ఒకటి పెట్టుకుంటే, ఫైళ్లు అటూ ఇటూ వెళ్తాయి. పేజ్‌మేకర్, టైపింగ్ సాఫ్ట్‌వేర్ రెండూ అందులోనే వేయండి.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. విండోస్ 7కి సపోర్ట్ 2020 జనవరి 14నే అయిపోయింది. కాబట్టి ఆ గదికి నెట్ ఇవ్వొద్దు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ తీసేయండి. మెయిల్, వాట్సాప్ అన్నీ బయట లినక్స్‌లోనే.

ప్రశ్న అడిగినవారు

విండోస్ వచ్చింది, పేజ్‌మేకర్ ఎక్కింది. లాక్ మాత్రం దొరకట్లేదు. డివైసెస్ మెనూలో యూఎస్‌బీ దగ్గర జాబితా ఖాళీగా ఉంది. లాక్ తీసి పెట్టాను, వేరే పోర్టులో పెట్టాను, అదే వరస.

జవాబు (మడిపాక్కం)

అక్కా, లాక్ బాగానే ఉండి ఉంటుంది, తీసి పెట్టక్కర్లేదు. లినక్స్‌లో వర్చువల్‌బాక్స్‌కు యూఎస్‌బీ కనబడాలంటే మీ యూజర్ "వీబాక్స్‌యూజర్స్" అనే గ్రూపులో ఉండాలి. మింట్ మెనూలో యూజర్స్ అండ్ గ్రూప్స్ తెరిచి, మీ పేరు మీద నొక్కి, ఆ గ్రూపుకు టిక్ పెట్టండి. తర్వాత విండో మూస్తే చాలదు, సిస్టమ్ రీస్టార్ట్ చేయాలి. ఈ చిన్న సంగతి తెలియక నేను ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను.

జాబితాలో లాక్ కనబడగానే, అది తనంతట తానే గదిలోకి వెళ్లేలా దానికి యూఎస్‌బీ ఫిల్టర్ ఒకటి పెట్టేయండి. రోజూ ఎంచుకునే పని ఉండదు.

లాక్ లేని టైపింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఒక మాట. మీకు వైన్‌తోనే పని జరగవచ్చు, కానీ టైపింగ్ సాఫ్ట్‌వేర్, పేజ్‌మేకర్ రెండూ ఒకే బాటిల్‌లో ఉండాలి. ఒక బాటిల్‌లో నొక్కిన కీలు ఇంకో బాటిల్‌లోని ప్రోగ్రామ్‌కు తెలియవు. ఇంకొకటి, ఫ్లాట్‌ప్యాక్‌గా (మిగతా సిస్టమ్ నుంచి వేరుగా ఉంచే ప్యాకేజీగా) వచ్చే బాటిల్స్‌కు మీ డాక్యుమెంట్స్ ఫోల్డర్ మామూలుగా కనబడదు. ఫైలు పోయిందనుకుని ఏడవకండి, ఫ్లాట్‌సీల్ అనే అనుమతుల యాప్‌లో ఆ ఫోల్డర్‌కు అనుమతి ఇస్తే కనబడుతుంది.

ప్రశ్న అడిగినవారు

తమ్ముడూ, పడింది! "చి||ల||సౌ||" కొట్టి చూశాను, ఒత్తులతో సహా సరిగ్గా వచ్చింది. ఇద్దరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. ఇంకొక్క సందేహం. ఇన్నేళ్ల కార్డులన్నీ ఆ గదిలోనే ఉంటే, రేపు ఆ లాక్ విరిగిపోతే నా గతేంటి?

జవాబు (పెరంబూరు)

అడగాల్సిన ప్రశ్నే అడిగారమ్మా. మూడు పనులు చేయండి. ఆ గదిలోని విండోస్ డిస్క్ మొత్తం మీ హార్డ్‌డిస్క్‌లో ఒక పెద్ద ఫైలుగా ఉంటుంది. విండోస్ షట్‌డౌన్ చేశాక దాన్ని బయటి డిస్క్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి. ప్రతి కార్డుకూ ఫాంట్లు ఎంబెడ్ చేసిన (లోపలే ఇమిడ్చిన) పీడీఎఫ్ ఒకటి ఉంచండి, అది ఏ సిస్టమ్‌లోనైనా తెరుచుకుంటుంది. ఇక లినక్స్‌లో నడిచే లిబ్రేఆఫీస్‌లోని డ్రా అనే ప్రోగ్రామ్ పేజ్‌మేకర్ ఫైళ్లను నేరుగా తెరుస్తుంది. 2015లో వచ్చిన 4.4 నుంచి ఆ సౌకర్యం ఉంది. లేఅవుట్ కాస్త అటూ ఇటూ జరిగినా మ్యాటర్ చేతికొస్తుంది, ఫాంట్లు మాత్రం లినక్స్‌లో కూడా వేసి ఉండాలి.

సీజన్ అయ్యాక కొత్త కార్డులు యూనికోడ్‌లో మొదలుపెట్టండి. ఆ లాక్ మీద ఆధారపడటం అప్పుడే తగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు

కాపీ ఇప్పుడే పెట్టాను సార్, ఇంకా 20 నిమిషాలు చూపిస్తోంది. మొదటి కార్డు ప్రూఫ్ పెళ్లివారికి వెళ్లింది.