వెన్నుపాము దెబ్బతిన్నాక 10, 15 ఏళ్లు ఉద్యోగంలో కొనసాగినవాళ్లు ఉన్నారా?

నాకు వెన్నులో టీ10 (ఛాతీ భాగంలోని పదో పూస) దగ్గర దెబ్బ తగిలింది, బొడ్డు కింద నుంచి స్పర్శ లేదు. ఆరేళ్లుగా వీల్‌చైర్‌లోనే అకౌంట్స్ పని చేస్తున్నాను. పని నాకిష్టం, కూర్చోవడమే కష్టం. పుండ్లు పడకుండా అరగంటకోసారి చేతుల మీద ఒళ్లు పైకెత్తుతాను. అయినా పోయినేడు ఒక పుండు పడి రెండు నెలలు బోర్లా పడుకున్నాను. నాలుగైదు గంటలకోసారి మూత్రం తీయడానికి క్యాథెటర్ (సన్నటి గొట్టం) వేసుకోవాలి, మీటింగ్ సాగుతుంటే ఒకటే టెన్షన్.

ఇప్పుడు కుడి భుజం నొప్పి మొదలైంది. చక్రాలు తోసేదీ, మంచం మీదికి మారేదీ ఆ చేతులతోనే కదా, అందుకే భయమేస్తోంది.

ఏళ్ల తరబడి నెట్టుకొచ్చినవాళ్లు చెప్పండి: భుజాలు ఎలా కాపాడుకున్నారు? పని గంటలు తగ్గించుకున్నారా? క్యాథెటర్ సంగతి మేనేజర్‌కి ఎంతవరకు చెప్పారు? ఉద్యోగం వదులుకోవాలని లేదండీ.