లెన్సు కొనడం: ఆన్‌లైన్‌లోనా, విశాఖ దుకాణంలోనా?

ప్రశ్న: నా దగ్గర నికాన్ డి90 కెమెరా ఉంది. కంబాలకొండలో పక్షులను తీయడానికి 70-300 (మిల్లీమీటర్ల జూమ్) ఏఎఫ్-పి రకం లెన్సు కొనాలనుకుంటున్నాను. ఆన్‌లైన్‌లో కొంత చవకగా ఉంది. ఊళ్లో కొంటే ఆ తేడాకు తగిన సేవ దొరుకుతుందా?

సమాధానం: దుకాణాన్ని బట్టి ఉంటుందండీ. నాదీ డి90యే. రెండేళ్ల క్రితం డాబాగార్డెన్స్ వైపు ఒక దుకాణంలో ఇదే లెన్సు అడిగితే, యజమాని పెట్టె తీయకముందే "మీ కెమెరా బాడీ ఏదండీ?" అన్నారు. ఆ లెన్సులో ఫోకస్ రింగు అద్దాలను నేరుగా కదపదని, లోపలి మోటారుకు సంకేతం మాత్రమే పంపుతుందని, ఆ మోటారును నడపడం పాత డి90కి రాదని, అందువల్ల దాని మీద ఆటోఫోకస్ సంగతి అటుంచి చేత్తో తిప్పినా ఫోకస్ కుదరదని వివరించి, డి90 మీద పనిచేసే పాత ఏఎఫ్-ఎస్ రకం లెన్సు చూసుకోమన్నారు. ఆ రోజు ఆయనకు బేరం పోయింది. వారం తర్వాత, వాడిన ఏఎఫ్-ఎస్ వచ్చిందని ఆయనే ఫోన్ చేసి, దాన్ని నా కెమెరాకే తగిలించి, ఎదురుగా ఉన్న బోర్డును 300 జూమ్ దగ్గర ఫొటో తీయించి, ఇంట్లో కంప్యూటరు మీద ఫొటో మూలలు కూడా చూసుకుని వచ్చాకే డబ్బు ఇవ్వమన్నారు.

మీరూ బాడీ, మెమరీ కార్డు, చిన్న టార్చి వెంట తీసుకెళ్లండి. మన సముద్రపు తేమకు లెన్సుల్లో ఫంగస్ (బూజు) త్వరగా పడుతుంది. లెన్సు వెనుక ఉన్న చిన్న మీటను వేలితో నెట్టి, అపర్చరు (వెలుతురు వెళ్లే రంధ్రం) తెరిచి, టార్చి వెలుగులో చూసినప్పుడు సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే, ధర ఎంత తగ్గించినా వద్దనండి.

మరొక సభ్యుని సమాధానం: బిల్లు విషయం మరవకండి. ఒకచోట బిల్లు లేకుండా ధర తగ్గిస్తామంటే ఆశపడి లెన్సు కొన్నాను. మూడు నెలలకే ఆటోఫోకస్ ఆగిపోయింది. పెట్టె మీద దిగుమతిదారు పేరే లేదు, ఇక వారంటీ ఎక్కడిది? 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే కాదు, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకోకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే. సీరియల్ నంబరు బిల్లు మీద వేయించుకోండి. పేచీ వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

ప్రశ్న అడిగినవారు: ఏఎఫ్-పి ఆర్డరు పెట్టబోతూ ఆగిపోయాను, ధన్యవాదాలు. వాడిన లెన్సుకు దుకాణదారును హామీ అడగవచ్చా?

మొదటి సభ్యుని సమాధానం: నిస్సంకోచంగా అడగండి. నాకు రెండు నెలలు ఇచ్చారు, అదీ నేను అడిగాకే. ఎన్ని రోజులో నోటిమాటగా వదలకుండా బిల్లు మీదే రాయించుకోండి.