సమస్య: "నమ్ముకొన్నవాఁడె యమ్ముకొనియె"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్యాపూరణం ఆటవెలదిలో. పైది నాలుగో పాదం, ముందు మూడూ మీరు కట్టాలి. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత) ఎక్కడా అని తడుముకోకండి, ఉన్నది ప్రాసయతి, అంటే మొదటి అక్షరం బదులు రెండోది కలవడం (నమ్ము–యమ్ము). విషయం ఐపీఎల్ జట్ల అమ్మకాలు, వాటి చుట్టూ తిరిగే పుకార్లు. బెంగళూరు జట్టు చేతులు మారుతుందని 2025 నవంబరులో లేచిన గోల చూశారుగా, వేడి మీదే కానిద్దాం. షరతు ఒక్కటే: పద్యంలో చెప్పిన సంగతి నిజమై ఉండాలి. గణాలు కుదిరాయి కదా అని జరగనిది జరిగిందనకండి.

ఉప్పల్ గ్యాలరీ:
మన హైదరాబాదుతోనే బోణీ చేస్తున్నా. మన పాత ఐపీఎల్ జట్టు డెక్కన్ చార్జర్స్ మీద.

కప్పు గెల్చినట్టి కాలమ్ము గతియించె
నప్పు లెక్క పెరిగె నంతలోన
కన్నబిడ్డ యనుచు గారాబ మొనరించి
నమ్ముకొన్నవాఁడె యమ్ముకొనియె

అత్తిలి ఆడపడుచు:
ధార బాగుంది తమ్ముడూ. కప్పు, అప్పు పక్కపక్క పాదాల్లో ఎదురెదురుగా కూర్చున్నాయి. ఆటవెలదికి ప్రాస నియమం లేకపోయినా వినసొంపుగా ఉంది.

లెక్కల మాస్టారు:
పద్యానికి వంక లేదు. వంకంతా నాలుగో పాదంలో ఉన్న సంగతికే. ఆ జట్టు యజమాని అమ్ముకున్నది ఎప్పుడు నాయనా?

2008లో డెక్కన్ క్రానికల్ వాళ్ళు హైదరాబాదు జట్టును 10 కోట్ల 70 లక్షల డాలర్లకు కొన్నారు. మొదటి ఏడాది పట్టికలో అట్టడుగు. మరుసటి ఏడాది జొహానెస్‌బర్గ్‌లో బెంగళూరును 6 పరుగుల తేడాతో ఓడించి కప్పు. ఇంతవరకూ మీ మొదటి పాదం. అప్పుల సంగతీ నిజమే. కానీ 2012 సెప్టెంబరు 13న చెన్నైలో వేలం పెడితే వచ్చింది ఒకే ఒక్క పాట: పీవీపీ వాళ్ళది, 900 కోట్లు. దాన్ని కాదన్నారు. తెల్లారేసరికి క్రికెట్ బోర్డు (బీసీసీఐ) ఫ్రాంచైజీనే రద్దు చేసింది. ఆ తర్వాత బొంబాయి హైకోర్టు, అక్టోబరులో ముంబై రియల్ ఎస్టేట్ కంపెనీ ఒకటి కొంటోందన్న కబురు, 100 కోట్ల బ్యాంకు గ్యారంటీ దగ్గర అదీ బెడిసికొట్టడం. అక్టోబరు 25న సన్ టీవీ ఏడాదికి 85 కోట్ల 5 లక్షల లెక్కన దక్కించుకున్నది హైదరాబాదు పేరుతో బోర్డు పెట్టిన కొత్త ఫ్రాంచైజీని. పాత యజమానికి దాంట్లో అమ్మకమూ లేదు, సొమ్మూ లేదు.

ఆ రెండు నెలల్లో ఆ జట్టును పత్రికలు ఎన్నిసార్లు అమ్మేశాయో. యజమాని మాత్రం ఒక్కసారీ అమ్మలేకపోయాడు. మీ పద్యం పత్రికల వైపు నిలబడింది.

ఉప్పల్ గ్యాలరీ:
మాస్టారూ, ఇది కవిత్వమా, కోర్టు వాయిదానా?

లెక్కల మాస్టారు:
షరతు నేను పెట్టలేదు బాబూ, పైన చూసుకో. కోర్టు అన్నావు గనక అదీ విను: 2020లో మధ్యవర్తి, పాత యజమానికి 4,800 కోట్లకు పైగా కట్టమని బోర్డుకు చెప్పాడు, మరుసటి ఏడాది బొంబాయి హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అమ్ముకున్నవాడికి ఇన్ని తిప్పలుంటాయా?

పెన్నాతీరం:
మాస్టారు చెప్పిన కథనే కట్టాను.

వేలమందు వచ్చె నొక్కఁడే కొనువాఁడు
తొమ్మిదొందలన్నఁ దూగలేదు
మరుసటి దినమందు మండలి తెగగోసె
నమ్ముకొన్నవాఁడె యమ్ముకొనియె

నిర్వాహకుడు:
రెండు విషయాలు. మొదటి పాదంలో యతి తప్పింది: "వే"కు "నొ" చెల్లదు. "వేలమందు వచ్చె వింతగా నొక్కఁడే" అంటే సరిపోతుంది. రెండోది అంత సులువుగా తీరేది కాదు. మూడో పాదంలో మండలి తెగగోసిందన్నారు. మరి నాలుగో పాదంలో అమ్మడానికి చేతిలో ఏం మిగిలింది? అన్వయం గాల్లో వేలాడుతోంది. పూరణంలో మూడో పాదం సమస్యను చెయ్యి పట్టుకుని నడిపించాలి, ఇక్కడ వదిలేసి తన దారిన పోయింది. "తూగలేదు" మాత్రం భేషు. 900 కోట్లను తక్కెట్లో పెట్టి చూపించారు.

చార్మినార్ చాయ్:
అందరూ యజమానుల మీదే పడితే ఎలా భాయ్? అభిమాని సంగతో?

ఉప్పలందు టికెటు నొక్కటి సాధించి
ధర పెరిగిన వేళఁ దడవు లేక
గేటు ముందె నిలిచి "గెలుపు మాదే" యని
నమ్ముకొన్నవాఁడె యమ్ముకొనియె

అత్తిలి ఆడపడుచు:
హహ్హా! గేటు ముందు నిలబడి జై కొడుతూనే బ్లాకులో అమ్మేశాడు!

నిర్వాహకుడు:
నవ్వించారు, గణాలూ యతులూ శుద్ధంగా ఉన్నాయి. కానీ అడిగింది జట్టు అమ్మకం, వచ్చింది టికెట్టు అమ్మకం. పోటీకి వెలుపల పెట్టి చప్పట్లు కొడదాం.

అత్తిలి ఆడపడుచు:
నాది బెంగళూరు మీద. పుకారును పుకారుగానే చెప్పాను, మాస్టారు పట్టుకోలేరు.

"అమ్మలేదు సుమ్మి, యవి వట్టి మాటలే"
యనుచుఁ బలికినంత, నంతకంత
పెంచి పెంచి చెప్పెఁ బేపర్లు టీవీలు
"నమ్ముకొన్నవాఁడె యమ్ముకొనియె"

లెక్కల మాస్టారు:
అమ్మా, నాలుగో పాదాన్ని పత్రికల నోట పెట్టి తప్పుకున్నారు, బాగుంది. 2025 జూన్ 10న ఆ జట్టు యజమాని కంపెనీ యునైటెడ్ స్పిరిట్స్ వాళ్ళు స్టాక్ ఎక్స్ఛేంజికి రాసింది అచ్చంగా మీ మొదటి పాదమే: అవి ఊహాగానాలు, అలాంటి చర్చలేవీ మేం జరపడం లేదు అని. కప్పు గెలిచి వారం అప్పటికి. అయితే నవంబరు 5న అదే కంపెనీ జట్టులో తన పెట్టుబడిని సమీక్షిస్తున్నామని, 2026 మార్చి 31కల్లా తేలుస్తామని తనే ప్రకటించింది. జూన్ వరకైతే మీ పద్యం నూటికి నూరు పాళ్ళు. నవంబరుకు "వట్టి మాటలే" అన్నది కాస్త వదులైంది.

ఇంకొకటి. అక్కడ "నమ్ముకొన్నవాఁడు" ఎవరు? 2008లో కొన్నది మాల్యా కంపెనీ. ఆ కంపెనీయే తర్వాత బ్రిటిష్ మద్యం కంపెనీ డియాజియో చేతికి పోయింది, జట్టూ దాని వెంటే పోయింది. 2025 నవంబరునాటి యజమానులు జట్టును చూసి మురిసి కొన్నవాళ్ళు కారు, సారా వ్యాపారం కొంటే ఆట కలిసొచ్చింది.

పెన్నాతీరం:
పద్యంలో పేపర్లు, టీవీలు ఏమిటండీ? పత్రికలు అనొచ్చుగా.

అత్తిలి ఆడపడుచు:
"పెంచి"కి "బే" యతి. పత్రిక పెడితే యతి మీరిస్తారా నాయనా? నొక్కఁడే సంగతి ముందు చూసుకోండి.

డల్లాస్ రాత్రిబడి:
ఆలస్యంగా వచ్చాను, మన్నించాలి, ఇక్కడ అర్ధరాత్రి. ఇంతమందీ "నమ్ముకొన్న" అని కలిపి చదివారు. నేను విరిచాను.

గుట్టుగాను గాదు, గుజరాతు జట్టులో
మూఁడు పాళ్ళలోన మొదట రెండు
కప్పుఁ గొట్టి చూపి, కాసులు లెక్కించి
నమ్ము! కొన్నవాఁడె యమ్ముకొనియె

లెక్కల మాస్టారు:
ఇదీ లెక్క అంటే! 2021లో సీవీసీ అనే పెట్టుబడి సంస్థ వాళ్ళు 5,625 కోట్లకు అహ్మదాబాదు జట్టును కొన్నారు. ఆడిన మొదటి ఏడాదే, 2022లో, కప్పు. 2025లో టొరెంట్ గ్రూపుకు 67 శాతం అమ్మి మిగతాది అట్టిపెట్టుకున్నారు. మూడు పాళ్ళలో రెండు! వదంతి కాదు, జరిగిన బేరం. "గుట్టుగాను గాదు" అన్న ఎత్తుగడ ఊరికే పెట్టింది కాదు, పైన మనం చెప్పుకున్న చాటుమాటు కబుర్లన్నిటికీ జవాబు.

నిర్వాహకుడు:
విరుపు అమోఘం. "నమ్ము!" అని ఆగగానే సమస్యలో ఉన్న దిగులంతా ఎగిరిపోయి వ్యాపారం మిగిలింది. పెట్టుబడి సంస్థకు జట్టు మీద నమ్మకంతో పనేముంది, కొన్నది అమ్మడానికేగా. ఒక్క చిన్న అనుమానం: "మొదట రెండు" అంటే మూడోదీ తర్వాత అమ్మేస్తారన్న ధ్వని వస్తోంది.

డల్లాస్ రాత్రిబడి:
ఆ ధ్వని కావాలనే ఉంచానండీ. పుకార్ల మీద పోటీ కదా, నా వంతు ఒకటి.

ఉప్పల్ గ్యాలరీ:
మాస్టారూ, నా మూడో పాదం మార్చాను. మొదటి రెండూ పాతవే.

కప్పు గెల్చినట్టి కాలమ్ము గతియించె
నప్పు లెక్క పెరిగె నంతలోన
కొనుట తేలకుండఁ గోట్ల జట్టు నెటుల
నమ్ముకొన్నవాఁడె యమ్ముకొనియె?

లెక్కల మాస్టారు:
చివర ప్రశ్నార్థకం పెట్టి నా నోరు కట్టేశావు. ఇప్పుడు ఒక్క అక్షరం అబద్ధం లేదు. "కన్నబిడ్డ" పోయిందని మాత్రం కాస్త బాధ, ఆ పాదం తడిగా ఉండేది.

నిర్వాహకుడు:
ఈ వారం మొదటి స్థానం డల్లాస్‌కు, సవరణకు ప్రత్యేక ప్రశంస ఉప్పల్‌కు. వచ్చే వారం తేటగీతి: "ఓడిపోయిన జట్టుకే యొరిగెఁ గప్పు".

చార్మినార్ చాయ్:
కప్పు కాకపోయినా దగ్గరిది ఒకటుంది. 2009 ఫైనల్లో 16 పరుగులిచ్చి 4 వికెట్లు తీసిన కుంబ్లే ఓడిన జట్టువాడే, మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ ఆయనకే ఇచ్చారు. ఎవరూ ముట్టుకోకండి, ఇది నాది.